సున్నం తగిలిన పసుపు

మా సైన్సు మేడమ్ ఇక లేరన్న కబురు తోంగ్‌పాల్‌లో జీపు కోసం నిలబడి ఉండగా వచ్చింది. చిన్నప్పుడు హాస్టల్లో నా పక్కన పడుకునే స్నేహితురాలు బీజాపూర్ నుంచి ఫోన్ చేసింది. "మేడమ్ పోయిందే. నిద్రల్నే పోయిందంట" అని ఏడ్చింది. తరువాత అదే, ముక్కు చీదుకుంటూ, "నీ గౌను యాదికున్నదా?" అంది. నాకు నవ్వు ఆగలేదు. చుట్టూ జనం చూస్తున్నా, ఏడుస్తూనే నవ్వాను. మేడమ్‌ను తలచుకుంటే అంతే, ముందు నవ్వే వస్తుంది.

మేడమ్ కిరండూల్ గనుల కాలనీ నుంచి వచ్చారు. ఆంధ్ర వైపు మనుషులు. భర్త గనిలో పనిచేసేవారు. ఆవిడ మాత్రం మా హాస్టలు బడిలోనే ఒక గదిలో ఉండి, సెలవులకు ఇంటికి వెళ్ళేవారు. పుస్తకం హిందీది. మా నోళ్ళలోనేమో దోర్లీ, గోండీ, తెలుగు. ఆవిడ పాఠం హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి జారేవారు. మా మొహాలు చూసి, "దీన్ని దోర్లీలో ఏమంటారే?" అని అడిగి, ఆ మాటను చిత్రంగా పలికేవారు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. "నవ్వండి, నవ్వితేనే గుర్తుంటుంది" అనేవారు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు వాసన చూడటం ఆవిడ అలవాటు. సుద్దముక్కను కూడా వదిలేవారు కాదు.

నేను ఆరో తరగతిలో ఉండగా చిన్నమ్మ పెళ్ళికి మా ఊరు వెళ్ళాను. మాది భేజ్జి పక్కన పల్లె. తిరిగొచ్చేసరికి తెల్ల గౌను నిండా పసుపు. బోరింగు దగ్గర కూర్చుని సబ్బు రుద్దానో లేదో, మరకలన్నీ ఎర్రగా అయిపోయాయి. "నెత్తురు! నెత్తురు!" అని పిల్లలు కేకలు పెట్టారు. వంట చేసే అక్క పరుగున వచ్చి చూసి, అడవి దారిలో నన్నేదో గాలి పట్టుకుందని తేల్చేసింది. ఆ రాత్రి నా పక్కన ఎవరూ పడుకోలేదు. ఇప్పుడు ఫోన్ చేసి ఏడ్చిన మహాతల్లి కూడా చాప తీసుకుని అవతలి గోడకు పోయింది.

కబురు మా ఊరికి చేరింది. సంత రోజున నాయన వచ్చాడు. మేడమ్ కూడా సెలవు ముగించుకుని అప్పుడే జీపు దిగారు. వంట అక్క ఎదురెళ్ళి గౌను సంగతంతా చెప్పింది.

"నా బిడ్డను తోల్కపోత మేడమ్. సదువు లేకున్న మంచిదే, పిల్ల బాగుంటే సాలు" అన్నాడు నాయన. నేను అప్పటికే బట్టలు మూట కట్టుకున్నాను. మా ఊరి నుంచి బడికి వచ్చి మధ్యలో వెళ్ళిపోయిన అక్కలెవరూ మళ్ళీ రాలేదు. నేనూ రానని నాకు తెలుసు.

మేడమ్ వాదించలేదు. "అలాగే తీసుకెళ్దురుగాని. ఎండన పడి వచ్చారు, ముందు కూర్చోండి" అని మంచినీళ్ళు ఇచ్చారు. వంటింట్లోంచి పసుపు తెచ్చి, నీళ్ళతో కలిపి తన అరచేతికి పూసుకున్నారు. నాయన అరచేతికీ పూయించారు.

"మీరు పొగాకు నములుతారు కదా. ఆ సున్నం డబ్బా ఇటివ్వండి."

కొంచెం సున్నం తీసి తన చేతికి రాసుకున్నారు. పసుపు ఎర్రబడింది. నాయన చేతికీ రాశారు. అతను ఉలిక్కిపడి లేచాడు.

"ఏంది మేడమ్ ఇది!"

"మీ అమ్మాయి గౌనులో గాలి ఉందన్నారు. మరి మీ డబ్బాలో ఏముందండీ?"

"ఏముంటది? సంతల కొన్న సున్నమే" అన్నాడు నాయన అయోమయంగా.

"సబ్బు, సున్నం, బూడిద నీళ్ళు, ఇవన్నీ ఒక జాతి. క్షారాలు అంటాం. వీటిని చూస్తే పసుపుకు మొహం ఎర్రబడుతుంది. పులుపు తగిలితే మళ్ళీ మామూలైపోతుంది." నా వైపు తిరిగి, "అమ్మడూ, చింతపండు పట్రా" అన్నారు.

"చింతపండెందుకు మేడమ్, చీమలున్నయి గద" అన్నాడు నాయన. నాకోసం తెచ్చిన ఆకు పొట్లం విప్పాడు. అందులో చెట్ల మీద దొరికే ఎర్రచీమలు. మా వైపు పచ్చడికి పులుపు అవే. చిటికెడు తీసి నలిపి అరచేతిలో రుద్దుకున్నాడు. ఎరుపు కరిగి పసుపు తేలింది. నాయన కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ సున్నం పెట్టాడు, మళ్ళీ చీమలు రుద్దాడు. హాస్టలు మొత్తం అతని చుట్టూ మూగింది. "నా చేతిల పెండ్లయితున్నది మేడమ్!" అంటూ అతను పగలబడి నవ్వాడు. అంతసేపూ దూరంగా నిలబడిన వంట అక్క కూడా నెమ్మదిగా వచ్చి, "నాకూ జర పెట్టు" అని చేయి చాపింది.

మేడమ్ ఎవరినీ ఎగతాళి చేయలేదు. "భయపడితే తప్పేమీ లేదు. దగ్గరికెళ్ళి ఒకసారి చూసి భయపడదాం" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు తోడుగా ఉంది.

నాయన నా మూట తనే విప్పాడు. "ఉండు బిడ్డా, సదువుకో. ఇసొంటియి ఇంక ఏమేమున్నయో నేర్చుకొని నాకు చెప్పు" అన్నాడు. ఆ మధ్యాహ్నం సంతంతా తిరిగి, కనిపించినవాళ్ళకల్లా చేయి చూపించాడట. చదువు ఆగలేదు. ఇప్పుడు నేనూ పిల్లలకు సైన్సు చెబుతున్నాను.

కబురు తెలిసిన మర్నాడు కిరండూల్ వెళ్ళాను. మేడమ్ వాళ్ళ సారు పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా బట్టల తీగ మీద పసుపు పూసిన కాగితం ముక్కలు వరుసగా వేలాడుతున్నాయి. సున్నం నీళ్ళలో, నిమ్మరసంలో ముంచి రంగు మారడం చూసుకునేందుకు మేడమ్ చేసినవి. పోయే ముందురోజు సాయంత్రం ఆరేశారట. గని కొండల నుంచి వచ్చే ఎర్రదుమ్ము వాటి మీద పడుతుందని తీయబోయాను.

"ఉండనీ అమ్మా. ఆదివారం కాలనీ పిల్లలొస్తారు. వాళ్ళ కోసమే చేసింది" అన్నారు సారు.

ఇంతలో గాలి వీచి ఒక కాగితం కింద పడింది. సారు లేచి దాన్ని తీశారు. లుంగీ అంచుతో దుమ్ము తుడిచి, మళ్ళీ తీగకు క్లిప్పు పెట్టి, వరుసలో సరిగ్గా వచ్చిందో లేదో ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్నారు.