బుధవారం రెండింటి మందు

పధ్నాలుగేళ్ళుగా ఒక సంగతి నాలోనే దాచుకుని తిరుగుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనలో కూడా దాని దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేసేదాన్ని, దేవుడికేదో తెలియనట్టు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా వదినకి ఇవ్వాల్సిన నొప్పి మందు నేను ఇవ్వలేదు. ఇచ్చినట్టు నటించాను.

మాది పెడన. అన్నయ్య బడిపంతులు. పెళ్ళయిన రెండేళ్ళకే నా భర్త పోతే అన్నయ్య ఇంటికి వచ్చేశాను. ఆ ఇంట్లో నన్ను ఒక్క రోజు కూడా పరాయిదానిలా చూడని మనిషి వదిన. ఆమెకి రొమ్ములో గడ్డ లేచింది. ఊళ్ళోవాళ్ళు రాచపుండు అన్నారు, బందరు డాక్టరమ్మగారు కాన్సరు అన్నారు. ఆపరేషను చేసి రొమ్ము తీసేశారు. మూడేళ్ళు బాగానే ఉంది. తర్వాత నడుం నొప్పి మొదలైంది. జబ్బు వెన్నెముకలోకీ తుంటిలోకీ దిగిందనీ, ఇక తగ్గేది కాదనీ డాక్టరమ్మగారు చెప్పారు. తగ్గకపోతే పోనీ, నొప్పి లేకుండా చూడండి చాలు అందట వదిన.

డాక్టరమ్మగారు ఒక సీసా ఇచ్చారు. పచ్చి చేదు. పొద్దున ఆరింటికి, పదింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి, పడుకోబోయే ముందు. నాకు మరీ మరీ చెప్పారు. నొప్పి వచ్చాక కాదమ్మా, రాకముందే పొయ్యాలి, తను అడిగేదాకా ఆగకు అని.

ఆ మందుతో వదిన ఏడాదిన్నర పైన బతికింది. బతికిందంటే మంచాన పడి ఉండటం కాదు. పదింటి మందు పడిన అరగంటకి లేచి కూర్చునేది. మోకాళ్ళ కింద దిండు, నడుముకి వేడి ఉప్పు మూట. పన్నెండింటి దాకా కూరలు తరిగేది, పక్కింటి అద్దకంవాళ్ళ పిల్లలకి అక్షరాలు దిద్దించేది. 'ఇవి నా గంటలు' అనేది. ఏ పని ఎప్పుడు చెయ్యాలో ఆ గంటల్ని బట్టి ముందే అనుకునేది. నేను మా చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శిని కదా, నన్ను 'సెక్రెటరీ గారూ' అని ఏడిపించేది.

సమాజం ప్రతి బుధవారం మూడింటికి మా ఇంట్లోనే కూడేది, వదిన కదలలేదని. రెండింటి మందు పడితే ఆమెకి మగత కమ్మేది, కూటం సగంలోనే కునుకు పట్టేది. ఒక బుధవారం సీసా అయిపోయింది. అన్నయ్య బందరు నుంచి తెచ్చేసరికి నాలుగు దాటింది. ఆ రోజు వదిన మందు లేకుండానే కూర్చుంది. ఎలా ఉన్నారని పాస్టరమ్మగారు అడిగితే, "ప్రభువు కృప, బాగానే ఉన్నానండీ" అంది. మాలో ఎవరైనా అదే అంటాం. నొప్పిగా ఉందంటే విశ్వాసం తగ్గిందనుకుంటారని భయం. అలా అంటూనే మంచం నవారు వేళ్ళకి చుట్టుకుని లాగుతోంది. పై పెదవి మీద చెమట. అయినా కీర్తన తనే ఎత్తుకుంది. ఆడవాళ్ళంతా ఏడ్చారు. పాస్టరమ్మగారు వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి, విశ్వాసానికి ఇలాంటి సాక్ష్యం మీ ఇంట్లో ఉంది, మీరు ధన్యులమ్మా అన్నారు.

ఆ మాట నాకెంత బాగుందో రాయడానికి ఇవాళ కూడా సిగ్గుగా ఉంది. మొగుడు పోయి తిరిగొచ్చినదాన్ని. అప్పటిదాకా నన్ను చూసి 'అయ్యో' అనడం తప్ప ఎవరూ ఇంకో మాట అనలేదు.

తర్వాతి బుధవారం నేలవేము కషాయం కాచి చల్లార్చాను. రెండింటికి మందు చెంచాతోనే పోశాను. చేదు చేదే కదా, వదిన కళ్ళు మూసుకుని మింగేసింది. తెలిసి చేశానా? తెలిసే చేశాను. నొప్పి ఎంతుంటుందో తెలియదా? రోజూ ఆ నడుముకి కాపడం పెట్టేది నేనే, నాకు తెలియక ఇంకెవరికి తెలుసు. వారానికి ఒక్క పూట ఓర్చుకుంటే ఏం పోయింది, మహిమ దేవుడికే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మహిమ కావలసింది దేవుడికి కాదు, నాకు. అది ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఎండాకాలం నుంచి వానల దాకా ప్రతి బుధవారం అదే పని. గుడివాడ నుంచి కూడా ఆడవాళ్ళు రైలెక్కి వచ్చేవారు. మందు పెద్దగా వాడదండీ, ప్రార్థనే ఆవిడ బలం అని వాళ్ళతో నేనే చెప్పేదాన్ని.

ఆగస్టులో ఒక బుధవారం, అందరూ వెళ్ళాక వదిన పిలిచింది.

"సెక్రెటరీ గారూ, ఒక మాట. మందేమైనా మార్చారా?"

"లేదు వదినా. అదే సీసా."

"మరి రెండింటి మందుకి ఈమధ్య గుణమే కనపడట్లేదే. పొద్దుటిది బానే ఉంటోంది."

"మీటింగు హడావిడి కదా, అందుకేమో."

వదిన నవ్వింది. "అయితే మందు కూడా నన్ను వదిలేస్తోందన్నమాట. మీ అన్నయ్యకి చెప్పకే, బెంగ పెట్టుకుంటారు."

అప్పుడు చెప్పాలి. ఒక్క మాట. నోటిదాకా వచ్చింది కూడా. ఉప్పు మూట వేడి చేసుకొస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ పై బుధవారం అసలు మందే ఇచ్చాను. వదిన నిద్రపోయింది. వచ్చినవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని పెందరాళే లేచారు. మరుసటి వారం మళ్ళీ కషాయం పోశాను. నేను చేసినవాటన్నిటిలోకీ తలుచుకుంటే భయం వేసేది ఈ వారమే.

వదిన పుట్టిల్లు దివిసీమలో. వాళ్ళ నాన్నగారు పక్షవాతంతో మంచంలో ఉన్నారు, ఆయన్ని వదిలి అమ్మగారు రాలేరు. దసరా సెలవుల్లో అన్నయ్యే వదినని తీసుకెళ్ళాలని అనుకున్నారు. పదింటి మందుతో బస్సు, రెండింటి మందుతో పడవ అని వదిన ఎన్ని నెలల ముందే ఏర్పాటు చేసుకుందో. అమ్మకని అద్దకం దుప్పటి తెప్పించి మడిచి పెట్టుకుంది. తీరా నాలుగు రోజులుందనగా వద్దంది. రెండింటి మందు పనిచెయ్యకపోతే పడవలో అరుస్తాను, ఆ మొహంతో అమ్మ ముందుకెలా వెళ్ళను అంది. అన్నయ్య ఎంతో బతిమాలాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

ఆ రోజుతో కషాయం మానేశాను. మందు మళ్ళీ పనిచేసింది. కానీ వదినకి దాని మీద నమ్మకం పోయింది. ఇవాళ చేసింది సరే, రేపు చెయ్యకపోతే అనేది. మందు పడ్డాక కూడా నొప్పి ఎప్పుడొస్తుందా అని గడియారం వంకే చూసేది. 'నా గంటలు' అన్న మాట మళ్ళీ ఆమె నోట వినలేదు. క్రిస్మస్‌కి ముందే పోయింది, తల్లిని చూడకుండా.

సమాధి చేసిన మర్నాడు వాళ్ళమ్మగారు, ఆయన్ని ఇరుగుపొరుగువాళ్ళకి అప్పగించి, ఒక్క పూటకి వచ్చారు. మా పిల్లకి చేసిన చేతులని నా చేతులు రెండూ కళ్ళకద్దుకున్నారు. నిజంగానే చివరికి మందు పనిచెయ్యలేదా తల్లీ అని అడిగారు. అవునండీ అన్నాను. ఆవిడా పోయారు.

ఇప్పటికీ సమాజంలో కొత్తవాళ్ళు చేరితే వదిన సాక్ష్యం నాచేతే చెప్పిస్తారు. చెబుతాను. వరండాలో కూర్చుని అన్నయ్య వింటాడు. ఆయనకి చెప్పాలా? చెబితే ఆ మిగిలిన ఓదార్పు కాస్తా పోతుందేమోనని ఆగుతాను. అలా ఆగడం ఆయన మీద ప్రేమో, నా పేరు మీద ప్రేమో నాకు తెలియదు. మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. జరిగింది జరిగినట్టు ఒక్కసారి నా చేత్తో రాయాలనుకున్నాను. రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.

మందు నిన్ను వదిలెయ్యలేదు వదినా. నేనే పొయ్యలేదు.