గోడవతల కారు

ఇరవయ్యేళ్ల కిందట నర్సీపట్నంలో కారం దంచి అమ్ముకుని బతికేదాన్ని. మా రోలు పక్కింటి ప్రహరీగోడకు ఆనుకునే ఉండేది. ఆ ఇంటి మాస్టారు పాత కారొకటి కొని గోడవతల పెట్టారు. నేను రోకలి పట్టుకోవడమే ఆలస్యం, దాని అలారం చెవులు చిల్లులుపడేలా మోగేది.

ఒకరోజు ఒళ్లుమండి వీధిలో నిలబడి అరిచాను. “ఏటి మాస్టారూ ఈ గోల? నాను పని మొదలెడితే సాలు, మీ కారు ఏడుపు మొదలెడతాది!”

“తప్పయిపోయిందమ్మా,” అన్నారాయన తలవంచుకుని. మర్నాటి నుంచి కారు చర్చి ఆవరణలో పెట్టి, ఎండలో గొడుగేసుకుని నడిచొచ్చేవారు. నేను గెలిచాననుకున్నాను.

కొన్నాళ్లకు చర్చిలో పెళ్లి జరుగుతుంటే చోటు లేక కారు మళ్లీ గోడ పక్కకొచ్చింది. రోకటిపోటు వేశాను, మోగింది. ఆపాను, కాసేపటికి ఆగింది. మళ్లీ ఒక్క పోటు వేశాను. మళ్లీ మోగింది! నా పోటుకి గోడా నేలా అదిరి అది మోగుతోంది.

పరుగున వెళ్లి మాస్టారి భార్యకు చెప్పాను.

“మాకు మొదట్నుంచీ తెల్సు వదినా. సెప్తే నువ్వు దంపడం మానేస్తావని ఆయనే సెప్పొద్దన్నారు.”

వీధంతా వినేలా అరిచిన నేను ఆ గుమ్మంలో తలవంచుకున్నాను. ఇప్పటికీ ఎక్కడ కారు అలారం మోగినా, ముందు నా చేతులకేసి చూసుకుంటాను.