మేడమ్‌కు దాచిన ప్రశ్న

కమలాపండు ఒలిచినప్పుడల్లా ఆ వాసనకు నాకు నాగరత్నమ్మ మేడమ్ గుర్తొస్తుంది. వెంటనే ఒళ్లు మండుతుంది. పోయిన మనిషి మీద ఇంకా కుళ్లేమిటని మా ఆయన అంటాడు. ఆయనకేం, ఎన్నయినా చెబుతాడు.

మా కిరణ్ నాలుగేళ్లకే తిరుచానూరు లాడ్జీల బోర్డులన్నీ చదివేసేవాడు. నేర్పింది నేనే. టీచరుగా రిటైరైన మేడమ్, చురుకైన చిన్నపిల్లలకు ఆదివారాలు తన ఇంటి వసారాలో తరగతి పెడుతుందని విని, గొప్పగా తీసుకెళ్లాను. ఆవిడ వాడి చదువు విననే లేదు. నీళ్ల తొట్టి ముందు కూర్చోబెట్టి కమలాపండు ఇచ్చింది. వేస్తే తేలింది. తొక్క తీసి వేస్తే మునిగింది. ఎందుకని అడిగాడు వాడు, కళ్లింత చేసుకుని. "నువ్వేమనుకుంటాండావు?" అంది ఆవిడ. ఏ పిల్లాడు ఏమడిగినా ఆవిడ అనే మాట అదే. అరుగు మీదున్న నేను ఆగలేక, తొక్కలో గాలి ఉంటుందిరా అని చెప్పేశాను. వాడు లేచి వేరే ఆటకు వెళ్లిపోయాడు.

"వాని ప్రశ్న నువ్వు తినేసినావు కదమ్మా. ఇంక వాడేం తినాల?" అంది మేడమ్. మిగతా తల్లుల ముందు నాకు తల కొట్టేసినట్లయింది.

అప్పట్నుంచి వాడు ఏదో అడగబోయి ఆగిపోయి, "ఇది మేడమ్‌కి దాచిపెట్టినా" అనేవాడు. కన్నది నేను, గోరుముద్దలు పెట్టింది నేను, ప్రశ్నలు మాత్రం ఆవిడకి! తట్టుకోలేక ఓ రోజు వెళ్లి, ఇక పంపనని చెప్పాను. ఆవిడ గోరుచిక్కుళ్లు తుంచుతూనే ఉంది.

"నిలిపెయ్ తల్లీ. ఇంట్లో వాడు అడిగితే గమ్మున ఉండగలవా?"

ఉండి చూపిస్తాననుకున్నాను పంతంగా. తరగతి మానిపించాక వాడు చాన్నాళ్లు నాతో ముభావంగానే ఉన్నాడు. ఓ సాయంత్రం పాకాల స్టేషన్లో, దూరం పోయేకొద్దీ రైలు చిన్నదవుతుందెందుకని నన్నే అడిగాడు. జవాబు నా నాలుక చివరే ఉంది. పళ్లు బిగబట్టి, నువ్వేమనుకుంటాండావని ఆవిడ మాటే అన్నాను. తిరుపతి చేరేదాకా వాడు చెబుతూనే ఉన్నాడు. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

నిన్న కాలేజీ నుంచి వచ్చి, వంటింటి గడపలో నిలబడి, ఇక మీదట ఏం చదవమంటావమ్మా అన్నాడు కిరణ్. నేను పండు ఒలుస్తున్నాను.

"నువ్వేమనుకుంటాండావు?"

వాడు నవ్వాడు. "అచ్చం మేడమ్ మాదిరే అన్నావమ్మా."

ఇన్నేళ్లూ నోరు కట్టుకుని కూర్చున్నది నేను. పేరు మాత్రం ఇప్పటికీ ఆవిడకే. తొన ఒకటి తీసి వాడి చేతిలో పెట్టి, గమ్మున కూర్చున్నాను. వాడు చెప్పడం మొదలుపెట్టాడు.