బావ ఇంటి కింది పిల్లర్లు

బావ పోయిన మూడో నెలలో, మిద్దె మీది రెండు గదులు కిరాయికి ఇస్తానంది అక్క. పోచారంలో ఉద్యోగం చేసే ఒక జంట చూడటానికి వచ్చారు. ఇల్లు గట్టిదేనా అని ఆ అమ్మాయి అడిగింది.

“మా తమ్ముడే కంప్యూటర్ల చూసిండమ్మా. గదే ఆయన ఉద్యోగం” అంది అక్క.

నేను పక్కనే ఉన్నాను.

నాచారంలో ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తాను. కట్టబోయే ఇంటిని సాఫ్ట్‌వేర్‌లో గీసి, దాని మీద బరువులు పెట్టి, భూమి కదిలితే ఎంత ఊగుతుందో లెక్క వేస్తాం. తట్టుకునే పిల్లరు తెర మీద ఆకుపచ్చగా ఉంటుంది. తట్టుకోలేనిది ఎర్రబడుతుంది.

ఉప్పల్‌లో బావ ఇంటికి కింద కారు పెట్టుకునే ఖాళీ, పైన రెండు అంతస్తులు. ఆరేళ్ల కింద, వాటి మీద ఇంకో రెండు గదులు వేస్తానని నన్ను చూడమన్నాడు. ఆదివారం ఇద్దరం టేపు పట్టి పిల్లర్లు కొలిచాం. సోమవారం లెక్క వేస్తే కింది నాలుగు పిల్లర్లు ఎర్రబడ్డాయి. పై అంతస్తులకు గోడలున్నాయి, కింద లేవు. భూమి ఊగితే ఆ భారమంతా గోడల్లేని చోటే పడుతుంది. ఆ నాలుగింటి చుట్టూ ఇనుము కట్టి, కాంక్రీటు పోసి లావు చేయించాలని బావకు చెప్పాను.

“అప్పుడు నా కారు మీ ఆఫీసుల పెట్టుకుంటవా బామ్మర్ది? హైదరాబాదుల భూకంపం ఏడికెళ్లొస్తది?”

“రాదని కాదు బావా, తక్కువ.”

“తక్కువంటే రానట్టే గద. జర మళ్లోసారి చూడు.”

మళ్లీ చూశాను. భూకంపం లెక్క తీసేసి, స్లాబులు, గోడలు, మనుషులు, సామాను బరువు మాత్రమే ఉంచాను. నాలుగూ ఆకుపచ్చగా మారాయి. తెరను ఫొటో తీసి, పాస్ అయిందని రాసి బావకు పంపాను. ఏం తీసేశానో రాయలేదు.

వాదించే ఓపిక లేక అలా చేశానని చాలాకాలం అనుకున్నాను. అది అబద్ధం. నన్ను పాలిటెక్నిక్‌లో చేర్పించింది ఆయన. ఆయన మొహం చిన్నబోవడం నేను చూడలేను. గదులు పూర్తయిన రోజు ఆ ఫొటో చుట్టాలందరికీ చూపించాడు. నేను భోజనాల దగ్గర వడ్డిస్తూ ఉండిపోయాను.

బావ గుండె జబ్బుతో పోయాడు. దవాఖానాలో ఉన్నన్ని రోజులూ పక్కన కూర్చున్నాను. రెండుసార్లు చెప్పబోయాను. అలసిన మనిషికి ఇప్పుడెందుకని ఆగాను. అది ఆయన మీద దయ అనుకున్నాను.

ఆ జంట వెళ్లాక అక్కకు మొత్తం చెప్పాను. ఆమె బట్టలు ఆరేస్తూ విన్నది.

“మీ బావకు తెల్సా?”

“తెల్వదక్కా.”

ఇంకో రెండు బట్టలు ఆరేసింది.

“ఆయన ఉండంగ చెప్తే నిన్ను తిట్టి, నాలుగు రోజులు అలిగి, చేయించేటోడు. ఇప్పుడు నేను ఎవరి మీద అలగాలె తమ్మీ?”

“నా మీద అలుగు.”

“ఉన్నదే నువ్వొక్కనివి. నీ మీద అలిగితే పిల్లర్లు ఎవరు చేయిస్తరు?”

చేతులు తుడుచుకుని ఆ అమ్మాయికి ఫోన్ చేసింది.

“గదులు ఇప్పుడు ఇస్తలేమమ్మా. కింద పిల్లర్ల పనుంది. అది అయినంక చూద్దాం.” అవతల ఏదో అడిగినట్టుంది. అక్క నా వైపు చూడలేదు. “మా ఆయన ఎప్పుడో చేయించాల్సింది. ఆయనే పట్టించుకోలే.”

చేయి చాపితే ఫోన్ అందేంత దగ్గరలో ఉన్నాను. తప్పు ఆయనది కాదని ఒక్క మాట చెప్పొచ్చు. ఆమె మాట్లాడటం అయ్యేదాకా అలాగే నిలబడ్డాను.