అమ్మ గుప్పెడు బియ్యం డబ్బా

నిన్న చర్చిలో, ఆత్మ దిగితే తెలియని భాషల్లో ప్రార్థన పలుకుతుందే, ఆ అన్యభాషల వరం లేనివాళ్లంతా ముందుకు రావాలన్నారు కొత్తగా వచ్చిన ప్రసంగీకులు. నేను లేవలేదు. ఇంటికొచ్చి అటక మీది అమ్మ రేకు డబ్బా దించాను. మూత తీస్తే ఇంకా పాత బియ్యం వాసన.

మన పేట నేస్తాలకు గుర్తుందా? ఎసట్లో పోసే ముందు మన అమ్మలు గుప్పెడు బియ్యం ఇలాంటి డబ్బాలో వేసి, ఆదివారం చర్చికి ఇచ్చేవారు.

ఒక ఆదివారం అమ్మ డబ్బా ఖాళీ. అన్యభాషల్లో అందరికంటే బిగ్గరగా ప్రార్థించే సంతోషమ్మగారు నవ్వారు.

"ఏంటి రూతమ్మా, నోటికి భాషా రాదు, డబ్బాలోకి బియ్యమూ రావు. నీకు ఆత్మ ఎప్పుడొస్తుందే?"

అమ్మ ఖాళీ డబ్బాకు మూత పెట్టి ఇంటిదారి పట్టింది. సంతోషమ్మగారు ఉపవాస కూటాలకు తిరుగుతుంటే, మంచం పట్టిన ఆవిడ అత్తగారికి ఆ వారమంతా అమ్మే ఆ బియ్యంతో గంజి కాచి తాగించింది.

"చెప్పవేంటమ్మా?" అన్నాను దారిలో.

"చెబితే రేపు నన్ను గడప తొక్కనిస్తుందేంట్రా? ముసలావిడ ఆకలితో పడుంటుంది."

నిన్న పిలిచిన అయ్యగారూ, అన్యభాషల కోసం నేను ముందుకు రాను. అమ్మకు వచ్చినది నాకింకా రాలేదు. దానికోసం పిలవండి, అందరికంటే ముందు నేనే మోకరిస్తాను.