కాలు పట్టుకోనివ్వని పాండురంగ

మా వెనక ఇంటి పాండురంగకు చలి అంటే పడదు. జూన్‌లో ఇక్కడి చలికాలం మొదలైందంటే ఇంట్లో కూడా మఫ్లర్ విప్పని మనిషి. కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చి, ఆక్లాండ్‌లోనే ఉద్యోగం చూసుకుని, మా పేట ఫ్లాట్ బుష్‌లో సెటిల్ అయ్యాడు. అలాంటివాడు నలభై దాటాక మంచు వాలు మీద జారే స్కీయింగ్ నేర్చుకుంటానంటే మా వీధిలో తెలుగువాళ్ళందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఎందుకో తెలిశాక మాత్రం, ఎవరైనా నవ్వితే నాకు ఒళ్ళు మండేది.

అతని భార్య శ్రీజ 2014లో క్యాన్సర్‌తో పోయింది. అప్పటికి కూతురు సిరికి పన్నెండేళ్ళు. ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు కరువైపోయాయి. ఈయన తెలుగులో అడిగేవాడు, ఆ పిల్ల ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క చెప్పి గది తలుపు వేసుకునేది. "తిన్నవా బిడ్డా?" అంటే "యా". అంతే. అరిచి పోట్లాడినా బాగుండుననిపించేదట అతనికి.

రెండేళ్ళకు స్కూలు వాళ్ళు పిల్లల్ని రువాపెహు కొండకు స్కీయింగ్‌కి తీసుకెళ్ళారు. సిరికి అది పిచ్చిలా పట్టుకుంది. మళ్ళీ తీసుకెళ్ళే పని తండ్రి మీద పడింది. నాలుగైదు గంటల డ్రైవ్, దారంతా ఆ పిల్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లు. కానీ కొండ మీద, అద్దె బూట్లు తొడుక్కుని కూతురి పక్కన చైర్‌లిఫ్ట్ ఎక్కాక, అతను ఊహించనిది జరిగింది. గాల్లో వేలాడే ఆ బెంచీ మీద ఫోన్ తీద్దామంటే గ్లవ్స్ అడ్డం, లేచి వెళ్ళిపోదామంటే వేసుకోవడానికి గది తలుపు లేదు. సిరి మాట్లాడింది. అమ్మ వేసే దోసెల గురించి, అమ్మ చీరల వాసన గురించి మాట్లాడింది. చివరికి, "ఆస్పత్రిలో ఆఖరి రోజు అమ్మ నీ గురించి నాతో ఒకటి చెప్పింది నాన్నా" అంది. అంతలో లిఫ్ట్ పైకి చేరింది. దిగాల్సి వచ్చింది.

ఆ అద్దె బూట్లు ఎందరి కాళ్ళకో సాగి ఉన్నాయి. వాటిలో నిలబడలేక పాండురంగ ఆ వాలంతా కూర్చునే జారుతూ దిగాడు. కింద కూతురు ఎదురుచూస్తోంది. "ముందు నీకు ఫిట్ అయ్యే బూట్లు కొనుక్కో. మళ్ళీ పైకి వెళ్దాం. అప్పుడు చెప్తాను" అంది ఇంగ్లిష్‌లో.

ఇక బూట్ల కోసం అతను అడగని మనిషి లేడు. ఆక్లాండ్‌లో సేల్ ఉంది, అక్కడ కొనమని నేనే సలహా ఇచ్చాను, జన్మలో మంచు తొక్కని దాన్ని. శాండ్రింగ్‌హామ్ పేటలో ఒకాయన తన పాత జత ఇస్తానన్నాడు. ఆఫీసులో ఈ దేశపువాళ్ళు, కివీలు మాత్రం, కొత్తగా నేర్చుకునేవాడు ఎక్కడ పడితే అక్కడ కొనకూడదు, కొండ కింద ఊళ్ళో కాళ్ళు కొలిచి బూట్లు అమర్చే షాపుంది, అక్కడే కొనుక్కోమన్నారు. ఆ మాట విన్నాడు. సరైన చోటికే వెళ్ళాడు. అక్కడికి వెళ్ళి కూడా చెడగొట్టుకున్నాడనే నా బాధ.

ఆ షాపాయన నెరిసిన గడ్డంతో డెబ్భై ఏళ్ళ మనిషి. కింద మోకాళ్ళ మీద కూర్చుని, పాండురంగ మేజోడు విప్పి, పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తన ఒడిలో పెట్టుకున్నాడు. పాండురంగ నిప్పు తగిలినట్టు కాలు లాక్కున్నాడు.

"మా నాయన వయసుంటది అక్కా ఆయనకు. అట్ల నా కాలు పట్టుకుంటే నేనెట్ల కూసోవాలె? పాపం కాదా?" అన్నాడు తర్వాత నాతో.

బూటు బిగుతుగా ఉండాలి, వేళ్ళు ముందు భాగానికి తగలాలి, మడమ లేవకూడదు అని ఆ పెద్దాయన చెబుతూనే ఉన్నాడు. మళ్ళీ కాలు పట్టుకోబోయినప్పుడల్లా ఇతను "పర్ఫెక్ట్, వెరీ కంఫర్టబుల్" అంటూ లేచి నిలబడ్డాడు. "నాన్నా, ఆయన్ని చూడనివ్వు" అంది సిరి. వినలేదు. చెప్పుల్లా వదులుగా, హాయిగా ఉన్న జత తీసుకుని బయటపడ్డాడు.

ఆగస్టులో మళ్ళీ వెళ్ళారు. ఈసారి సిరి తన స్నేహితురాలు, ఫిజీ వాళ్ళమ్మాయి అలీషాను కూడా వెంట తెచ్చుకుంది. మొదటి రౌండ్ నేను నాన్నతో వెళ్తానని అలీషాకు ముందే చెప్పిందట. పాపం, సిరి అమ్మ మాట చెప్పడానికి సిద్ధపడే వచ్చింది. చైర్‌లిఫ్ట్ ఎక్కే చోటికి ఒక చిన్న వాలు దిగాలి. బూటులో పాదం ఒకవైపు తిరిగింది, స్కీ ఇంకోవైపు పోయింది. మోకాలు మెలిపడి పాండురంగ అక్కడే కూలబడ్డాడు.

సిబ్బంది వచ్చి కట్టు కట్టి కెఫేలో కూర్చోబెట్టారు. సిరి కదల్లేదు, పక్కనే నిలబడింది. కూతురి రోజు తనవల్ల పాడవుతుందని, "నువ్వు పో బిడ్డా, అలీషాతో పో" అని ఇతనే పంపాడు. కిటికీ అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరు పిల్లలూ ఒకే బెంచీ మీద పైకి పోయారు.

ఫోన్ చేస్తే అలీషా వాళ్ళ నాన్న వచ్చి, సాయంత్రం వీళ్ళ కారు ఆయనే నడిపాడు. ఇంటికి చేరి, తండ్రీకూతుళ్ళిద్దరే మిగిలాక పాండురంగ అడిగాడు: "అమ్మ ఏం చెప్పింది సిరీ?"

ఆ పిల్ల తన గది గుమ్మంలో ఆగింది. "పైన అలీషాకు చెప్పేశాను నాన్నా. మొత్తం ఏడ్చేశాను. మళ్ళీ చెప్పడం నా వల్ల కాదు. అడగొద్దు ప్లీజ్." తలుపు వేసుకుంది.

వారం తర్వాత పాండురంగ చేతికర్రతో మా వంటింటికి వచ్చి కూర్చుని ఇదంతా చెప్పాడు. కన్నీళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. నేను కాఫీ కలిపి ముందు పెట్టాను, ముట్టుకోలేదు.

"అక్కా, ఆ అలీషా పిల్లను అడిగితే తప్పా?" అన్నాడు.

చల్లారిన ఆ కాఫీ తీసి, మళ్ళీ వేడి చేయడానికి పొయ్యి మీద పెట్టాను.