బయటి దారం

శాలిబండ దర్జీ మాస్టరు పోయారు. ఆ మాట నాకు చాయ్ హోటల్లో తెలిసింది. సాసర్లో చాయ్ పోసుకుంటున్న పెద్దమనిషి ఒకడు, "ఎవలు, ఆ జైలు దర్జీయా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఉఫ్‌మని ఊదుకున్నాడు. నేను చాయ్ వదిలేసి లేచాను. చాయ్ వదిలేయడం నా వల్ల అయ్యే పని కాదు. కోపం ఎంతటిదో దాన్నిబట్టి మీరే ఊహించుకోండి.

అవును, జైలు దర్జీయే. ఆయన జైల్లో కుట్టుపని నేర్పిన మనిషి, నేను నేర్చుకున్న ఖైదీని. నా కేసుకు కాగితం మీద చాలా పెద్ద పేరుండేది. నేను చేసింది మాత్రం, గొడవల రోజుల్లో తలుపు కొట్టిన నలుగురికి ఇంత అన్నం పెట్టడం. కిరాణా పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఆ కేసు కాగితం అర్థం కావడానికి నా పొట్లాల చదువు చాలలేదు. సరే, ఆ గోల ఇక్కడెందుకు.

కుట్టు షెడ్డులో పగలంతా సర్కారు బట్టలు కుట్టేవాళ్ళం. పని అయ్యాక, మిగిలిన ముక్కలతో ఇంటివాళ్ళకేమైనా కుట్టుకోనిచ్చేవారు మాస్టరు. జహనుమాలో మా ఆవిడ దగ్గర నా మనవరాలుంది, కానుపులో పోయిన మా కూతురి బిడ్డ. మోకాళ్ళ నొప్పులతో మా ఆవిడ ములాఖత్‌కు రాలేకపోయేది. పిల్లను చూసే దారి లేదు. ఆ పిల్లకని ఒక లంగా కుట్టాను. మాస్టరు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూశారు.

"ఎవలికి బాపు, బొమ్మకా?"

"మా మనవరాలికి."

"ఎంతుంటది పిల్ల?"

మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాను.

"అది నువ్వు లోపలికొచ్చిన నాటి సంగతి. గిప్పుడు?"

నాకు మండింది. "నా పిల్ల నాకు తెల్వదా?" అని ఎగిరాను. ఆయన షెడ్డంతా కలియజూశారు. నేనూ చూశాను. అందరి చేతుల్లోనూ జానెడు చొక్కాలు, జానెడు గౌన్లు. ఎవడు ఏనాడు లోపలికొచ్చాడో ఆనాటి దగ్గరే వాడి పిల్లలు ఆగిపోయారు.

మర్నాడు మాస్టరు మెడలో టేపుతో పాటు ఒక తెల్ల దారం ఉంది. ముందురోజు సాయంత్రం ఇంటికి పోకుండా జహనుమా దాకా నడిచి, పిల్లను గోడకు నిలబెట్టి కొలిచారట. దారమంతా ఎత్తు, నడుము దగ్గరొక ముడి. "మీ ముసలామె తిట్లు మస్తుగున్నయి బాపు. నన్ను గాదు, నిన్నే" అన్నారు. దారం కొసను కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి పైకి లాగాను. నా నడుము దాటిపోయింది. అది ఆగిన చోట, గాలిలో, అరచెయ్యి చాలాసేపు అట్లాగే పెట్టుకున్నాను.

మా ఆవిడ పంపిన నీలి బట్ట కూడా తెచ్చారు. దాంతో కుట్టిన కొత్త లంగాకు కింద మూడు మడతలు వేయించారు. "బట్ట లోపల దాయి బాపు. మనం బయటికి వచ్చేదాంక పిల్ల ఆగది" అన్నారు. మనం అన్నారు చూడండి, రోజూ సాయంత్రం బయటికి పోయే మనిషి.

ఇక షెడ్డులో ఒకటే లొల్లి. "మా పోరనిది గూడ, మాస్టర్ సాబ్!" కొన్నాళ్ళకు ఆయన మెడలో దారాల గుత్తి. ఆ రోజు నీళ్ళు మోసే వంతు నాది, గేటు దగ్గరే ఉన్నాను. జైలరు ఆపాడు.

"ఏందివి?"

"పిల్లల కొలతలు, సాబ్."

"బయటి దారం లోపలికి రాదు."

"లోపలంత దారమే గద సాబ్, రీళ్ళకు రీళ్ళు."

"అది సర్కారు దారం."

గేటు పక్కన చాయ్ కాచే కుంపటి. గుత్తి అందులో పడింది. దారం కాలడానికి ఎంతసేపు! మాస్టరు నౌకరీ కూడా ఆ రోజుతోనే పోయింది. అదే రోజు, అదే గేటులోంచి జైలరుగారి అమ్మాయి గౌను కొలతలు లోపలికొచ్చాయి, తెల్ల కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో. మేమే కుట్టాం. బాగా కుట్టాం. చేతులకు కోపం రాలేదు. నాకు ఇప్పటికీ అదే కోపం.

బయట మాస్టరుకు దక్కిన బహుమానం వేరు. దొంగల నడుమ కూర్చున్నోనికి బట్టిస్తే తిరిగొస్తదా అని గల్లీలో గిరాకీ మానేశారు. ఉఫ్‌మని ఊదుకున్న ఆ పెద్దమనిషి వాళ్ళలో ఒకడు.

నేను విడుదలై లంగా ఇంటికి తెచ్చేసరికి అదీ పొట్టిదైపోయింది. మాస్టరు నవ్వి, ఒక మడత విప్పారు. ఈ ఏడు మంచం మీదనే దగ్గుకుంటూ రెండోది విప్పారు. "ఇంకొకటున్నది, ఫికర్ చెయ్యకు" అన్నారు పిల్లతో.

హోటల్లోంచి లేచినవాణ్ణి ఇంటికి పోయి, పిల్లను తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. షెడ్డులో మిగిలినవాళ్ళు ఇంకా జానెడు చొక్కాలే కుడుతున్నారేమో అనుకుంటూ నడిచాను. పిల్ల లోపలికి రాలేదు. గడప పక్కన, ఎవరో కొలవబోతున్నట్టు గోడకు ఆనుకుని నిటారుగా నిలబడింది. గాలికి లంగా కదిలింది: పైనంతా వెలిసిన నీలం, కింద ముదురు నీలం చార, దాని కింద ఇంకా ముదురు చార. అట్టడుగున, విప్పని మూడో మడత.